ఏడు పంట్ల ఇల్లు

పన్నెండో వరస, తూర్పు కొస. లంగరు చిట్టా. రాస్తున్నది ఇంటి పెద్ద, సువార్త.

*సోమవారం*

గాలి తూర్పు, మెల్లగా. నీరు నిలకడ. మోకులు బాగున్నాయి.

చిట్టాలో రాయాల్సింది ఇంతవరకే. మిగతాది నా అలవాటు.

పోయిన గురువారం ఉదయం పదే పదే గుర్తొస్తోంది. అందులో విశేషమేమీ లేదు.

చీకటితోనే లేచాను. ముఖం కడుక్కుని, కొంగు తల మీదుగా కప్పుకుని ఇంటి చుట్టూ తిరిగాను. మాది ఏడు పంట్ల ఇల్లు. నీళ్ళు రాకముందు పంటు అంటే ఏరు దాటించేదని అమ్మ చెప్పేది. ఇప్పుడు పంటు అంటే గది. ఒక్కో గదీ ఒక్కో పంటు మీద తేలుతుంది. పంటుకీ పంటుకీ మధ్య ఒక దూలం, ఒక మోకు. ప్రతి మోకు దగ్గరా ఆగి, ముడి మీద చెయ్యి వేసి, ఆ గదిలో ఉండేవాళ్ళ పేరు చెప్పి ప్రార్థన చేస్తాను. తమ్ముడు యోహాను, వాడి భార్య సలోమి. వాళ్ళమ్మాయి షారోను. అమ్మ గదిలో ఇప్పుడు వలలు ఉంటున్నాయి. అక్కడ ఊరికే ఓ నిమిషం నిలబడతాను. ఆఖరి మోకు దగ్గర చెల్లెలు దయామణి.

దయ గది ఖాళీ. ఖాళీ అంటే మనిషి లేదు. మనిషి బరువు ఉంది. వరసల్లో ఎవరైనా ఇల్లు విడిచి పనికి వెళ్తే, ముందు వాళ్ళని తూచి, అంత బరువుకి వాననీళ్ళు బిందెల్లో పట్టి వాళ్ళ గదిలో ఉంచుతాం. లేకపోతే ఆ పంటు తేలికై పైకి లేచి పక్క గదుల్ని లాగేస్తుంది. చనిపోయినవాళ్ళ బిందెలైతే బయటి నీళ్ళలో వంపేస్తాం. దయ వెళ్ళేనాటికి నాలుగు బిందెల మనిషి. ఆ నాలుగూ ఆమె మంచం పక్కనే ఉన్నాయి. వారానికోసారి నీళ్ళు మార్చి, మూతలు తుడుస్తాను.

తిరిగొచ్చేసరికి సలోమి పొయ్యి వెలిగించింది. తేలే మడిలో తోటకూర కోసి ఇచ్చాను. యోహాను చేపల బోను పైకి లాగుతూ ఎవరినో తిడుతున్నాడు. చూస్తే పీతని. షారోను ఇంకా లేవలేదు. నా గది గడప మీద తూర్పు ముఖంగా కూర్చున్నాను. మాది చివరి వరస కాబట్టి నాకూ పొద్దుకీ మధ్య ఎవరి గోడా ఉండదు. నీళ్ళు ముందు బూడిద రంగులో ఉండి, తరవాత పల్చటి టీ రంగులోకి వచ్చాయి. స్తోత్రం అనుకున్నాను. అంతకంటే ఏం అడగాలో తోచలేదు.

అప్పుడు లాంచీ కూత వినబడింది.

"సువార్తమ్మగారండీ! మిట్ట మీంచి కబురండి, ఆయ్!" సరంగు వీరాస్వామి మోకు విసిరాడు.

మిట్ట అంటే నగరం. నీళ్ళు ముంచలేకపోయిన నేల ఈ చుట్టుపక్కల అదొక్కటే. ఆసుపత్రి, బడులు, పంపులు, జీతాలు అన్నీ అక్కడే. దాని చుట్టూ ఒకటో వరస, రెండో వరస, అలా మా దాకా.

కబురు ఇది. షారోనుకి నర్సు చదువులో చోటు దొరికింది. రోజూ వెళ్ళి రావాలి కాబట్టి మాకు రెండో వరసలో ఒక కట్టు, అంటే ఇల్లు కట్టేసుకునే చోటు, ఇస్తామంటున్నారు. ఆ కట్టులో మూడు పంట్లే పడతాయి.

"మీది ఏడు కదండి," అన్నాడు వీరాస్వామి. "ఈ ఆదివారం కాదండి, పై ఆదివారం వత్తాను. రాత్రి ఇక్కడే కట్టేసుకుని సోమారం తెల్లారగట్ల బయల్దేరతాను. అప్పటికి అవునో కాదో సెప్పాలంటండి. ఇంకోటండి, ఇక మీదట మీ వరసకి లాంచీ వారానికొక్కసారేనండి."

"రెండుసార్లు వచ్చేది కదయ్యా?"

"దీన్ని ఎండతో నడిపే పలకలు పాతబడిపోయాయండి. ఇంత దూరం వచ్చి వెళ్తే మళ్ళీ మూడ్రోజులు ఎండబెట్టాలి, అప్పడం లాగ."

*మంగళవారం*

గాలి తూర్పు. నీరు నిలకడ. వంటగది మోకు కాస్త నలిగింది, మార్చాలి.

రాత్రి భోజనాల దగ్గర మాట మొదలైంది.

"ఇల్లు కొయ్యమంటారేంటి? ఇదేమన్నా గుమ్మడికాయా?" అన్నాడు యోహాను.

"ఎవరూ కొయ్యమనలేదు. పిల్ల చదువుకుంటుందా లేదా అని అడిగారు," అంది సలోమి.

"ఏడు పంట్లు! ఒక్కోటీ ఈ చేతుల్తో కలిపాను. ఎవరు కట్టారు ఇవన్నీ? మీ అన్నలా?"

"మా అన్నలు కట్టుంటే ఈపాటికి వంటిల్లు కారేది కాదు." సలోమి నా వైపు తిరిగింది. "మీ తమ్ముడికి ఇది ఇల్లు కాదు వదినా, కిరీటం. రాత్రి కూడా తీసి పక్కన పెట్టడు."

షారోను నవ్వింది. "మూడు గదులైతే నాన్న గురక ఎక్కడ పెడదాం?"

యోహానుకి నవ్వు రాలేదు. వాడి బాధ నాకు తెలుసు. కోసిన పంటు తిరిగి రాదు. వరస పెద్దలు లాక్కెళ్ళి, ఇల్లు లేక మిట్ట గట్టు మీద పడుకునేవాళ్ళకి ఇస్తారు. అది మంచి పనే. మంచి పనైనా కోత కోతే.

"కొయ్యాల్సొస్తే ముందు ఖాళీ గది," అంది సలోమి, గిన్నెలు తీస్తూ.

ఖాళీ గదంటే దయ గదే. అన్నాక తనకే అర్థమైంది. "తప్పుగా అనలేదు వదినా. మనుషులున్న గదులు కొయ్యలేం కదా అని..."

"తెలుసమ్మా," అన్నాను.

తను అన్నదాంట్లో తప్పు లేదు. రాత్రి ప్రార్థనలో కూర్చున్నాను. నాకు కావాల్సింది ఒక్కటే: మేం ముగ్గురం, నేనూ దయా యోహానూ, మళ్ళీ ఒక చూరు కింద ఉండాలి. ఆ గది ఉంటే ఎప్పటికైనా దయ వస్తుంది. లోపలి వరసకి వెళ్తే మిట్టలో ఉన్న దయకి దగ్గరవుతాం, కానీ ఆమె రావడానికి గది ఉండదు. దీనికి ఏమని ప్రార్థించాలి?

*గురువారం*

గాలి ఈశాన్యం, గట్టిగా. నీరు ఎగుడుదిగుడు. వంటగది మోకు మార్చాం. దయ గది మోకుకి జోడు వేశాం.

యోహాను రోజంతా పని చేశాడు. ఎవరూ అడగకపోయినా సావిడి కప్పుకి కొత్త రేకు వేశాడు. కోసేసే ఇంటికి ఎవరైనా రేకు వేస్తారా అని సలోమి అడగలేదు. నిచ్చెన పట్టుకుని నిలబడింది.

*శనివారం*

గాలి తగ్గింది. నీరు నిలకడ. మోకులు బాగున్నాయి.

శనివారం సాయంత్రం దయ మాతో గొంతు పెట్టెలో మాట్లాడుతుంది. గొంతే, మనిషి కనబడదు. రెండేళ్ళుగా మాకు ఆమె గొంతే.

"అక్కా, నా గది ఎలా ఉంది?" ఎప్పుడూ మొదట అడిగేది అదే.

"నిన్ననే తుడిచాను."

"దుప్పటి ఏది పరిచావు?"

"నీలం గళ్ళది."

"ఆహా," అంది, వేడి వేడి అన్నం ముందు పెట్టినట్టు.

దయ మిట్ట కింద పంపుల దగ్గర పని చేస్తుంది. సముద్రాన్ని బయటికి తోసేది వాళ్ళే. పనివాళ్ళకి పడుకోవడానికి గోడలో అరలు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి. గూళ్ళు అంటారు. లేచి కూర్చుంటే తల తగులుతుందట.

"గూట్లో నిద్ర పట్టకపోతే నేనేం చేస్తానో చెప్పనా? కళ్ళు మూసుకుని మనింట్లో నడుస్తాను. సావిడి, వంటిల్లు, అమ్మ గది, నీ గది. నా గది వచ్చేలోపు నిద్ర పట్టేస్తుంది. ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదక్కా." నవ్వింది.

రెండో వరస సంగతి చెప్పాను. మూడే పంట్లని కూడా చెప్పాను.

పంపుల హోరులో దయ ఎవరినో లాంచీ వేళ అడగడం వినబడింది.

"రేపటి లాంచీకి వస్తున్నాను. నేను వచ్చేదాకా ఏమీ తేల్చకండి," అంది.

"సెలవు ఇచ్చారా?"

"తీసుకున్నాను."

పెట్టె కట్టేశాక సలోమి అంది, "చిన్న వదినగారు గది కోసమే వస్తున్నారు." తరవాత లేచి, రేపటికని మినప్పప్పు, బియ్యపు రవ్వ నానబోసింది. దయకి దిబ్బరొట్టె ఇష్టం.

*ఆదివారం, మధ్యాహ్నం*

గాలి లేదు. నీరు అద్దంలా ఉంది.

లాంచీ పొద్దెక్కాక వచ్చింది. దయ పంపులవాళ్ళ మందపాటి కోటులో దిగింది, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని. ముఖం చూసి నా ప్రాణం లేచొచ్చింది. నిండుగా, గుండ్రంగా ఉంది. చిన్నప్పుడు కూడా ఆ బుగ్గలు లేవు.

"మిట్ట తిండి బాగానే పట్టిందే చిన్నక్కా!" అన్నాడు యోహాను. "లాంచీ ఓ పక్కకి వొరిగి వచ్చింది, సరంగుని అడుగు."

"నన్నెందుకండి కలుపుతారు మజ్జిలో," అన్నాడు వీరాస్వామి.

"ఒరే, రెండేళ్ళకి చూస్తే ఇదా పలకరింపు?" దయ వాడి నెత్తి మీద ఒక్కటిచ్చింది. "నీకు పొట్ట వచ్చింది, నేనేమన్నా అన్నానా?"

ఇంటికి వచ్చినవాళ్ళు గదిలో అడుగు పెట్టేముందే వాళ్ళ బిందెలు బయటికి తీసేస్తాం. మనిషీ, మనిషి బరువూ ఒక గదిలో ఉండకూడదంటారు. నేనూ యోహానూ నాలుగు బిందెలూ మోసి బయట పెట్టాం. యోహాను గడపలో నిలబడి ఆలోచించాడు.

"పెద్దక్కా, ఒళ్ళు చేసింది కదా. ఇంకోటి కూడా తీద్దామా? లేకపోతే పంటు దిగబడిపోద్ది."

గదిలో తూకానికి ఎప్పుడూ ఉండే ఇసుక బిందె ఒకటి ఉంది. నాకూ నిజమే అనిపించింది. సంతోషంతోనే తీశాను, ఐదోది.

దయ లోపలికి వెళ్ళింది. దుప్పటి మీద చెయ్యి రాసింది. మంచం మీద కూర్చుంది.

పంటు దిగలేదు. బయటి నీళ్ళ వైపు అంచు మెల్లగా పైకి లేచింది. మధ్య దూలం కిర్రుమంది. పక్కనున్న నా గది తలుపు దానంతటదే తెరుచుకుంది. కిటికీ దగ్గరి గాజు గ్లాసు జారి కింద పడింది.

"అయ్యో, గ్లాసు," అంది షారోను.

యోహాను ఇసుక బిందె ఎత్తి లోపల పెట్టాడు. అంచు కొంచెం దిగింది. ఇంకా ఎత్తుగానే ఉంది. నీళ్ళ బిందె ఒకటి తెచ్చి దాని పక్కన పెట్టాడు. అప్పుడు గది సమానంగా నిలబడింది. దూలం చప్పుడు ఆగింది.

వాడు బిందె మీద చెయ్యి తీయకుండా అలాగే వంగి ఉండిపోయాడు.

మా వరసల్లో ఎవరికీ ఇది విప్పి చెప్పక్కర్లేదు. నాలుగు బిందెల మనిషి మూడు బిందెలై వచ్చింది.

"కోటు విప్పవే," అన్నాను.

"చలిగా ఉందక్కా."

"గాలే లేదు. విప్పు."

బొత్తాలు నేనే విప్పాను. లోపల చెల్లెలు లేదు, చెల్లెలి ఎముకలున్నాయి. భుజాలు నా రెండు గుప్పిళ్ళలో పట్టాయి.

"ముఖం మందు వల్ల ఉబ్బింది," అంది, నేల చూస్తూ. "పంపుల కింద ఉప్పు గాలి. ఊపిరి పట్టేస్తోంది. వారం వారం ఆసుపత్రిలో గాలి పెడుతున్నారు. వేళకి తింటే, పక్కన ఎవరైనా ఉంటే తగ్గుతుందన్నారు. గూట్లో ఎవరుంటారు?"

"ఎన్నాళ్ళ నుంచి?"

దయ దుప్పటి అంచు సర్దింది.

"ప్రతి శనివారం మాట్లాడావు కదే. ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే ఏం చేసేవాళ్ళు?" దయ తలెత్తింది. "ఇల్లు కోసేసి వచ్చేవాళ్ళు. నీ సంగతి నాకు తెలుసు. అందుకే చెప్పలేదు. ఇప్పుడు కూడా అందుకే వచ్చాను. కొయ్యొద్దని చెప్పడానికి."

సలోమి అప్పటిదాకా గడప బయటే నిలబడి ఉంది. లోపలికి వచ్చి గాజు ముక్కలు ఏరి, దయ కాళ్ళకింద నేల అంతా చేత్తో తడిమి చూసింది, ఎక్కడా ముక్క మిగల్లేదని తేలేదాకా. తరవాత వెళ్ళి దిబ్బరొట్టె తెచ్చింది.

"ముందు తినండి వదినా. కొయ్యడం, కొయ్యకపోవడం తరవాత. సగం తిని లేస్తే మాత్రం ఊరుకోను."

దయ మొత్తం తినలేకపోయింది. సలోమి ఊరుకుంది.

*ఆదివారం, సాయంత్రం*

గాలి లేదు. నీరు నిలకడ. మోకులు చూడలేదు.

దీపం పెట్టాక సావిడిలో చాప పరిచి కూర్చున్నాం. షారోను వాక్యం చదివింది. పాట దయ ఎత్తుకుంది. మధ్యలో ఊపిరి అందక ఆగితే యోహాను అందుకున్నాడు. ప్రార్థన నేను చేశాను. పొడుగ్గా చెయ్యలేదు. ఇంట్లో ఏదైనా తేల్చాల్సి వస్తే ప్రార్థన అయ్యాకే తేలుస్తాం. అందరికంటే చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి, పెద్దవాళ్ళు చివర. పెద్ద మాట ముందొస్తే చిన్న మాట లోపలే ఉండిపోతుందని నాన్న పెట్టిన పద్ధతి.

షారోను కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. "నాకు ఈ ఇల్లే ఇష్టం. చదువు కూడా ఇష్టమే. చిన్నత్త అక్కడ ఒక్కతే ఉండటం ఇష్టం లేదు. మూడూ చెప్పొచ్చా?"

"చెప్పావు కదా," అన్నాను.

"వెళ్దామని మొదట్నించీ నేనే అంటున్నాను," అంది సలోమి. "పిల్ల కోసమే అన్నాను. ఇప్పుడూ వెళ్దామనే. ఖాళీ గది ముందు అన్నాను చూడండి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

యోహాను వంతు. వాడు నేల మీద వేలితో గీతలు గీస్తున్నాడు. చూస్తే ఏడు గళ్ళు. ఒకటొకటే అరచేత్తో చెరిపాడు.

"సావిడి. అమ్మ గది. షారోను గది." నాలుగో గడి మీద చెయ్యి ఆపాడు. "నాలుగోది నేను చెప్పలేను. కోతకి మాత్రం వరస వాళ్ళని పిలవొద్దు. నేనే కోస్తాను. వాళ్ళు మొరటుగా లాగుతారు, దూలాలు చీలిపోతాయి. ఆ గదుల్లో ఉండబోయేవాళ్ళకి చీలిన దూలాలు ఇవ్వకూడదు."

"నేను ఒప్పుకోను," అంది దయ. "ఈ రెండేళ్ళూ ఆ గూట్లో పడుకుని నేను నడిచింది ఏడు గదుల ఇంట్లో. అది ఉందనే అక్కడ ఉండగలిగాను. మూడు చేసేస్తే నేను ఎక్కడ నడవాలి?"

"ఒసే, నడవక్కర్లేదు. పడుకుందువుగాని," అన్నాను.

దయ ఏదో అనబోయింది. దగ్గు వచ్చింది. షారోను వీపు రాసింది. దగ్గు తగ్గాక దయ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇక నేనే మిగిలాను. "నాలుగోది నా గది," అన్నాను. ఎవరూ తలెత్తలేదు. నేనూ ఎవరి ముఖమూ చూడలేదు. ఆ గది గడప నాకు ఎంత ఇష్టమో దేవుడికి తెలుసు, చిట్టాకి తెలియక్కర్లేదు.

ఈ సాయంత్రం మేం తేల్చుకున్నవి:

రెండో వరసకి వెళ్తాం. వీరాస్వామికి ఆ మాట యోహానే లాంచీ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. "మంచి పనండి" అని అతను అన్నాడట. వాడు వచ్చి ఆ సంగతి చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

వంటగది, యోహాను గది, దయ గది ఉంటాయి. తక్కినవి వరసకి ఇచ్చేస్తాం. కొత్త రేకు వేసిన సావిడి కూడా. రేకు విప్పి తెచ్చుకుందామని సలోమి అంటే యోహాను వద్దన్నాడు. వానాకాలం వస్తోంది, వాళ్ళకీ పిల్లలుంటారు అన్నాడు.

చేపల బోనులు ఇక్కడే ఉంటాయి. యోహాను వారానికోసారి చిన్న పడవేసుకుని వచ్చి చూసుకుంటాడు. దూరం. వాడే ఒప్పుకున్నాడు.

దయ గూడు ఖాళీ చేస్తుంది. ఇల్లు లోపలికి లాగేదాకా నేను రేపటి లాంచీలో ఆమెతో వెళ్ళి, ఆసుపత్రి వసారాలో తోడుంటాను. పంపుల కిందికి ఇక దిగనని ఆమె చేత అనిపించాం. మూడుసార్లు అనిపించాం, మొదటి రెండుసార్లూ నమ్మబుద్ధి కాలేదు.

దయ గదిలో ఇకనుంచి ముగ్గురం: దయ, నేను, షారోను. కిటికీ ఒక్కటే. దాని పక్కన చోటు ఎవరికన్న విషయం కూడా పద్ధతి ప్రకారం చిన్నవాళ్ళ నుంచి అడుగుదామనుకున్నాం. అడిగేలోపే దయ దుప్పటి తెచ్చి కిటికీ పక్కన పరిచేసి, కళ్ళు మూసుకుంది.

"చిన్నత్తా, ఇది అన్యాయం," అంది షారోను.

"నిద్రపోయాను," అంది దయ.